తప్పు విప్పే మనిషితో పాట

ఆదివారం చర్చిలో ఆఖరి ప్రార్థన ముగిసీ ముగియకముందే జయపాల్ గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగేవాడు. ఆ చప్పుడుకు ముందు వరసలో కూర్చున్న భార్య సరిత కళ్లు తెరిచి వెనక్కి చూసేది. కళ్లు మూసుకుని చేయాల్సిన ప్రార్థనలో ప్రతి వారం కళ్లు తెరిపిస్తున్నందుకు ఆమె అతన్ని ఎన్నడూ క్షమించలేదు. అతను మాత్రం అప్పటికే గేటు దాటేవాడు. వనపర్తిలో బస్సెక్కి, పెబ్బేరులో దిగి ఇంకోటెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో మరో బస్సు కోసం ఎండలో నిలబడి, గిటారును ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుని గద్వాల చేరేసరికి అన్నం వేళ దాటిపోయేది. ఇంత పాటుపడి వెళ్లేది ఎందుకయ్యా అంటే, అక్కడ ఒక మనిషి ఒక పాటను సగంలో ఆపేస్తుంటే చూడ్డానికి.

మూడేళ్లుగా ఇదే వరస. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పాట మొదలు నుంచి చివరిదాకా ఆగకుండా సాగితే చాలని జయపాల్ కోరిక. దేవుడు ఎందరి కోరికలో తీరుస్తాడు. ఈ చిన్న కోరిక దగ్గర మాత్రం ఆ గద్వాల మనిషి కురుమూర్తిని అడ్డం పెట్టాడు.

జయపాల్‌కు వనపర్తిలో మోటర్లు వైండింగ్ చేసే షాపు ఉంది. బోర్లలో కాలిపోయిన మోటర్లను రైతులు ఆటోల్లో వేసుకొస్తారు. మాడిన రాగితీగ పీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పూసి ఇవ్వడం అతని పని. ఎండాకాలం వస్తే తిండికి కూడా తీరిక దొరకదు. ఆ వార్నిష్ వాసన చేతులతోనే చర్చిలో గిటారు వాయిస్తాడు, పెళ్లిళ్ల సీజన్లో ఒక ఆర్కెస్ట్రాతో ఫంక్షన్ హాళ్లకు వెళ్తాడు. చర్చిలో అతను ఎప్పుడైనా సరదాపడి కొత్త కార్డు, అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి మోగించే పట్టు, ఒకటి కలిపితే, దేవునికి మూడు కార్డులు చాలు బ్రదర్ అంటారు పాస్టరు గారు. ఫంక్షన్ హాల్లో ఆ మాట అనేవాడు కూడా ఉండడు. అందరూ మటన్ ముక్కల లెక్కలో ఉంటారు.

ఈ మూడు కార్డుల మనిషి కడుపులో ఒక పాట చిన్నప్పటి నుంచి ఇరుక్కుని ఉంది. తండ్రి ప్రభుదాసు, తల్లి సత్యమ్మ ఉప్పునుంతల దగ్గరి పల్లె నుంచి ముంబైకి మట్టిపనికి, ఇటుకల పనికి వలస పోయినవాళ్లు. అక్కడ ఒక పెద్ద బిల్డింగు లేస్తున్నన్నాళ్లూ దాని పక్కనే రేకుల షెడ్డులో కాపురం. రోడ్డుకు అవతల పాత ఇంటి వసారాలో ఒక గోవా ముసలాయన ఉండేవాడు. లేబర్ పిల్లలందరికీ పెద్రు తాత. వయసులో ఉన్నప్పుడు పెద్ద పెద్ద హోటళ్లలో జాజ్ వాయించినవాడు. తోటివాళ్లు కొందరు చచ్చిపోయారు, కొందరు దేశాలు పట్టిపోయారు. జతగా వాయించే మనిషి లేక పిచ్చెక్కిపోతున్న ఆ ముసలాయన, ఇసుక కుప్ప మీద ఆడుకుంటున్న పిల్లాణ్ని పిలిచి చేతిలో రెండో గిటారు పెట్టాడు. తనకో తోడు కావాలి, అంతే. ఆ తోడు వయసెంత, కులమేది, చేతికి సిమెంటు అంటిందా లేదా అనేవి ఆయనకు పట్టలేదు.

జాజ్ అంటే ఏంటని వనపర్తిలో ఎవరైనా అడిగితే జయపాల్ ఒకటే చెబుతాడు. పాట ఒకటే ఉంటుంది గానీ ఏ రోజు పాట ఆ రోజుదే. ఒకరు బాట పట్టుకుని నడుస్తుంటారు. ఇంకొకరు పక్క చేలల్లో పడి తిరిగి తిరిగి మళ్లీ బాట మీదికి వస్తారు. పెద్రు తాత సొంతంగా కట్టుకున్న పాట అలాంటిదే. పేరు లేదు, మాటలు లేవు, నాలుగు భాగాలు, రెండు గిటార్లు. నేర్పేటప్పుడు ఆయన పెట్టిన నియమం కూడా ఒక్కటే. చెయ్యి తప్పితే తప్పు కాదు, ఆగితేనే తప్పు. తప్పు పడ్డాక ఇంకో అడుగు వేస్తే ఆ అడుగే ముందుదాన్ని సర్దుకుంటుంది. ఆ మాట జయపాల్‌కు బైబిలు వాక్యంలా మనసులో పట్టుకుంది. ఇంతలో బిల్డింగు పూర్తయింది. మేస్త్రీ ఒక పొద్దున అందరినీ లారీ ఎక్కించి వేరే ఊరి పనికి తోలాడు. పెద్రు తాతకు పోయొస్తానని చెప్పడానికి కూడా కుదరలేదు.

ఆ తర్వాత జయపాల్ పెద్దయ్యాడు, పని నేర్చాడు, పెళ్లి చేసుకున్నాడు. పాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక్కడే వాయిస్తే సగమే వినబడుతుంది. రెండో గిటారు పట్టేవాడు కావాలి. షాపులో ఖాళీగా ఉన్నప్పుడు తన సగమైనా వాయించుకుందామంటే, రెండో భాగం దాటకముందే ఎవడో ఒకడు కాలిన మోటరుతో దిగుతాడు. చర్చి పిల్లలకు నేర్పబోతే సినిమా పాట నేర్పు అన్నా అన్నారు. పాలమూరు జిల్లాను ముక్కలు చేసి ఇన్ని జిల్లాలు చేశారు గానీ, అన్నిటినీ జల్లెడ పట్టినా జాజ్ వాయించే ఇంకొక్కడు దొరకడని అతను ఆశ వదులుకున్నాడు.

దొరికాడు. అదే అసలు కష్టం.

గద్వాలలో ఒక పెళ్లి రిసెప్షన్లో సినిమా పాట వాయిస్తూ, విసుగెత్తి, ఎవరు గమనిస్తారులే అని జయపాల్ మధ్యలో పెద్రు తాత కార్డు ఒకటి తగిలించాడు. భోజనాల వరసలో ఒక మనిషి విస్తరి ముందు నుంచి లేచాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే స్టేజి దాకా వచ్చి, చెయ్యి పైకి పట్టుకుని నిలబడి, పాట అయ్యేదాకా ఆగి అడిగాడు. "ఇప్పుడు నడుమ ఒకటి ఏసినవ్ సూడు, అదేంది?" జయపాల్‌కు ఆ క్షణంలో ఆ ఎంగిలి చేతినే పట్టుకోవాలనిపించింది.

కురుమూర్తి గద్వాలలో చీరలు నేసే ఇంటి మనిషి. జయపాల్ కంటే నాలుగైదేళ్లు పెద్ద. చీరల పని చూడ్డానికని పట్నం నుంచి వచ్చి నెల రోజులున్న ఒక కాలేజీ అమ్మాయి, వెళ్తూ వెళ్తూ బరువని తన గిటారు వాళ్లింట్లోనే వదిలిపోయింది. ఆ అమ్మాయే ఫోనులో జాజ్ ఎక్కడ దొరుకుతుందో కూడా చూపించింది. కురుమూర్తికి అది పనికొచ్చింది. మగ్గం మీద ఉన్నప్పుడు సినిమా పాట పెట్టుకుంటే మాటలు వచ్చి పోగుల లెక్కలో పడతాయి, లెక్క తప్పుతుంది. ఆ అమ్మాయి చూపించిన జాజ్‌లో మాటలుండవు. గూట్లో ఫోను పెట్టుకుని రోజంతా అదే వింటూ నేశాడు. విని విని ఒకనాడు గోడకు వేలాడుతున్న గిటారు దించాడు. ఫోను చూసుకుంటూ సొంతంగా నేర్చుకున్నాడు. ఎవరూ నమ్మరు గానీ బాగానే నేర్చుకున్నాడు.

మొదటి ఆదివారాలు పేర్ల కొట్లాటతోనే గడిచిపోయాయి. ఒక్కో కార్డుకు ఫోను ఏ పేరు చెప్పిందో కురుమూర్తి ఇంగ్లీషులో తోకతో సహా అప్పజెప్పేవాడు. జయపాల్‌కు ఆ పేర్లేవీ తెలియవు. పెద్రు తాత దగ్గర అవి పుల్లటి కార్డు, దొంగ కార్డు, ఆకలి కార్డు. జయపాల్ పుల్లటిది వెయ్యి అంటే కురుమూర్తి ఫోను తీసేవాడు, కురుమూర్తి ఫోను చూసి చెబితే జయపాల్ నెత్తి పట్టుకునేవాడు. అయినా ఒకరి చేతిలో లేనిది ఇంకొకరి చేతిలో ఉండేది. కురుమూర్తి ఫోనులో పట్టిన కొత్త వేళ్ల పట్టు ఒకటి చూపిస్తే, జయపాల్ దాన్ని తిరుగు బస్సులో గిటారు సంచి మీదే నొక్కుకుంటూ పోయేవాడు. కురుమూర్తి భార్య లలితమ్మ మొదట్లో జయపాల్‌కు టీ పేపర్ కప్పులో ఇచ్చేది. అది ఎప్పుడు స్టీలు గ్లాసులోకి మారిందో అతను గమనించాడు. ఆమె గమనించిందో లేదో తెలియదు.

ఇక పాట సంగతి. కురుమూర్తికి రెండో గిటారు అప్పగించాడు, బాట పట్టుకుని నడిచే పని. వేళ్లు చక్కగా ఆడతాయి, శ్రుతి సరిగ్గా ఉంటుంది, నాలుగు భాగాల కార్డులూ వాటికి వరసగా వచ్చు. ఒక్కటే రోగం. వేలు ఎక్కడ కాస్త జారినా ఆగిపోతాడు. ఆగి, తప్పు పోయింది అంటాడు, అంటే తప్పు పడిందని. అని, జారిన చోటుకు రెండడుగులు ముందు నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఆ చోటును సరిగ్గా వాయించి, అప్పుడు గానీ ముందుకు కదలడు. ఈలోగా చేలల్లో తిరుగుతున్న జయపాల్ బాట మీదికి వచ్చి చూస్తే బాటే ఉండదు.

అది అతని బుద్ధి కాదు, చేతుల బుద్ధి. మగ్గం మీద తప్పు పోతే ముందుకు పోకూడదు. పోయినంత మేరా పోగు పోగూ విప్పుకుంటూ తప్పు దాకా వెనక్కి రావాలి, దాన్ని సరిచేసి మళ్లీ నేసుకుంటూ పోవాలి. తాతల నాటి నుంచి ఆ ఇంటి చేతులు నేర్చింది అదే. జయపాల్‌కు ఇది అర్థం కాక కాదు. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గుతుందా. బస్సు ఆలస్యం ఎందుకైందో డ్రైవరు చెప్పినంత మాత్రాన మనం ఊరు చేరినట్టా.

చెయ్యని ప్రయత్నం లేదు. నచ్చజెప్పాడు, బతిమాలాడు, పెద్రు తాత మాట వందసార్లు వల్లించాడు. కురుమూర్తి ప్రతిసారీ బుద్ధిగా తల ఊపి ప్రతిసారీ ఆగాడు. కళ్లు మూసుకుని వాయించమంటే కళ్లు మూసుకునే ఆగాడు. ఒకసారి జయపాల్ తానే కావాలని తప్పు వాయించి, చూశావా, ఎలా దాటిపోయానో అని చూపించబోయాడు. కురుమూర్తి చెయ్యెత్తి అతన్నీ ఆపాడు. "నీది పోయింది తమ్మీ. ఎనుకకు రా." ఆ రోజు ఎర్రవల్లి చౌరస్తాలో జయపాల్ ఒంటరిగా నిలబడి తనలో తానే తిట్టుకుంటుంటే, పక్కన మామిడికాయలు అమ్మే ముసలమ్మ జరిగి కూర్చుంది.

దసరాకు కొంచెం ముందు ఒక ఆదివారం, ఎన్నడూ లేనంత దూరం వెళ్లారు. మొదటి భాగం ఆగకుండా దాటింది. రెండోది దాటింది. మూడోది చివరికి వచ్చింది. నాలుగో దాని గడపలో కాలు పెట్టబోతున్నారు. కురుమూర్తి చిటికెన వేలు జారింది. చెయ్యి తీగల మీద పరిచి చప్పుడు ఆపేశాడు. తప్పు పోయింది అన్నాడు.

అప్పుడు జయపాల్ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. మూడేళ్ల బస్సులు, మూడేళ్ల ఎండ, సరిత మొహం, అన్నీ కలిసి బయటికొచ్చాయి. చివరికి ఒక మాట అన్నాడు. "నీకు పాట రాదన్నా, ఈ జన్మల రాదు. నువ్వు వాయించేటోనివి కావు. మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని నేసుకునేటోనివి." లోపల పప్పులో పోపు పెడుతున్న లలితమ్మ చెయ్యి ఆగిపోయింది. కురుమూర్తి లేచాడు. గిటారు గోడకు తగిలించాడు. మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. మంచిది అన్నాడు, అంతే. జయపాల్‌కు ఆ మాట నోరు దాటగానే తెలిసింది అనకూడనిది అన్నానని. కానీ కోపంలో ఉన్న మనిషి చెప్పుల కోసం వెతుక్కుంటాడు గానీ క్షమాపణ కోసం వెతకడు.

తర్వాతి ఆదివారం అతను చర్చిలో ఆఖరి ఆమెన్ దాకా కూర్చున్నాడు. సరిత మురిసిపోయింది. ఆమె మురిపెం రెండు మూడు వారాలే. ఇంట్లో ఉన్న జయపాల్ ఇంట్లో లేని జయపాల్ కంటే కష్టం. ఫ్యాను విప్పాడు, మిక్సీ విప్పాడు, బాగున్న కుళాయిని బాగు చేయబోయి వంటింట్లో నీళ్లు నింపాడు. రెండో గిటారు భాగం తానే ఫోనులో రికార్డు చేసుకుని దాంతో కలిసి వాయించి చూశాడు. ఫోను ఆగలేదు, తప్పు పోనియ్యలేదు. కానీ అది అతను ఎటు పోతున్నాడో వినేది కాదు. గోడతో మాట్లాడినట్టే. రెండో భాగంలోనే విసుగొచ్చి ఆపేశాడు. చివరికి సరితే అంది. "ఇంట్ల ఉండి నువ్వు ఉద్ధరించేది ఏం లేదు గని, ఆ గద్వాలకే పో. ఏమన్నవో ఏమో, తప్పైందని చెప్పుకొని రా."

వెళ్లాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కట్టుకుంటూ వెళ్లాడు. పెబ్బేరు దగ్గర కట్టినది బీచుపల్లి దాటేసరికి బాగాలేదనిపించింది. ఇంకోటి కట్టాడు. గద్వాలలో దిగి ఆ వీధి మలుపు తిరిగేసరికి ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

కురుమూర్తి మగ్గం మీదే ఉన్నాడు, ఒక్కడే. లలితమ్మకు భుజం పట్టేసిందట, దవాఖానకు పోయింది. మగ్గం మీద పెళ్లివాళ్ల చీర ఉంది, ఆపడానికి లేదు. గద్వాల చీర ఒడలు, అంటే నడిమి బట్ట, నూలు. అంచు పట్టు. రెండు వేరు వేరు పేకలు, అంటే అడ్డంగా పోయే పోగులు. అవి కలిసే చోట ప్రతి వరసలో ఒకదానిలో ఒకటి మెలేసుకుంటూ పోవాలి. ఆ మెలి తప్పితే అంచు ఒడలిని వదిలేస్తుంది. అంచు పక్కన కూర్చుని పోగు మోసే చిన్న నాడె ఆడించి మెలివేయడం లలితమ్మ పని. ఆమె లేకుండా కురుమూర్తి అటూ ఇటూ వంగి తంటాలు పడుతున్నాడు. గుమ్మంలో జయపాల్‌ను చూసి రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. మాటలు తర్వాత, ముందు అక్కడ కూర్చో అన్నట్టు గడ్డంతో లలితమ్మ చోటు చూపించాడు.

జయపాల్ కూర్చున్నాడు. కురుమూర్తి రెండుసార్లు చేసి చూపించాడు. నాడె ఇలా పంపాలి, ఈ పోగును ఇలా పట్టి దాంట్లో వేయాలి. జన్మంతా రాగితీగ చుట్టిన చేతులు, ఇదెంత అనుకున్నాడు జయపాల్. కాసేపు బాగానే సాగింది. కురుమూర్తి కాళ్లు కింద పావళ్లను, ఆ తొక్కుడు చెక్కలను తొక్కుతున్నాయి, నాడె అటు నుంచి ఇటు వస్తోంది, ఇటు నుంచి అటు పోతోంది. అంత సేపు ఆ మనిషితో కలిసి ఏదైనా ఒకటి ఆగకుండా చేయడం జయపాల్‌కు అదే మొదలు. లోపల ఏదో సర్దుకున్నట్టయింది. ఆ హాయిలో ఒక మెలి వేయడం తప్పింది. తప్పిందని అతనికి తెలిసింది. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. సాగుతోంది కదా, సాగనీ అనుకున్నాడు. తర్వాతి మెలి గట్టిగా వేశాడు, సర్దుకుంటుందిలే అని. కొంచెం ముందుకు వెళ్లాక ఇంకోటి తప్పింది. దాన్నీ అలాగే దాటేశాడు.

లలితమ్మ మందుల సంచితో వచ్చి మగ్గం పక్క నుంచి లోపలికి పోబోతూ ఆగింది. వంగి చూసింది. "ఇదేంది, గీడ నోరు తెరిచింది" అంది. కురుమూర్తి కాళ్లు ఆగిపోయాయి. అంచు దగ్గర వేలు పెట్టి చూశాడు. వేలి కొస అటు నుంచి ఇటు వచ్చింది. తప్పు పడ్డాక జానెడు బట్ట నేసేశారు, అంతా విప్పాల్సిందే.

అప్పుడు మాట్లాడాడు కురుమూర్తి, ఇన్ని వారాల తర్వాత. "తప్పు పోయిందని నీకు తెల్సిందా, తెల్వలేదా?"

"తెల్సింది."

"మరి చెప్పకపోతివేంది?"

"ఆగొద్దనుకున్ననే" అన్నాడు జయపాల్. అన్నాక ఆ మాట తన చెవికే ఎంత దరిద్రంగా వినబడిందో.

కురుమూర్తి మొహంలో జయపాల్‌కు బాగా తెలిసినదేదో కనిపించింది. ఎర్రవల్లి చౌరస్తాలో తన మొహం ఎలా ఉంటుందో అతను ఎన్నడూ చూసుకోలేదు, ఇప్పుడు చూశాడు. నెత్తి కొట్టుకోవాలని ఉండి, చేతిలో పోగు ఉన్నందుకు కొట్టుకోలేకపోతున్న మొహం. ఇద్దరూ కలిసి విప్పారు. ఒక్కో పోగు తీసి, చుట్టి, పక్కన పెట్టి, మళ్లీ ఒక్కో పోగు. జయపాల్‌కు అంత పొడుగు మధ్యాహ్నం జీవితంలో లేదు. లలితమ్మ నొప్పి భుజంతోనే టీ పెట్టి ఇస్తూ, ఒకడు ముందుకు పోడు, ఒకడు వెనక్కి రాడు, మీ ఇద్దరిని ఏం చేయాల్నో అని గ్లాసు కింద పెట్టింది. తప్పు దాకా వచ్చారు. దాన్ని సరిచేశారు. అప్పుడు జయపాల్ అన్నాడు, ఆ రోజు అన్న మాట తప్పని. కురుమూర్తి ఊ అన్నాడు. చేతులు తుడుచుకుని, లేచి, గోడ మీది గిటారు దించాడు. పట్టి పట్టి దుమ్ము తుడిచాడు. అతని కోపం ఇంకా దిగలేదు. అది గిటారు పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది.

"ఆగొద్దంటవ్ గద. ఇయ్యాల ఇల్లు కూలినా ఆగ. తియ్ నీది."

మొదలుపెట్టారు. మొదటి భాగంలోనే కురుమూర్తి వేలు జారింది. జయపాల్ అలవాటుగా చెయ్యి ఎత్తేయబోయాడు. కురుమూర్తి ఆగలేదు. పళ్లు బిగించి, మెడ నరాలు ఉబ్బించి, ముల్లు తొక్కిన వాడు కుంటుకుంటూ పోయినట్టు ముందుకు పోయాడు. రెండో భాగంలో ఇంకోటి జారింది, ఆగలేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది. ఆ తప్పులు అతనికి ఎంత బాధ పెడుతున్నాయో జయపాల్‌కు అప్పుడే తెలిసింది. మూడోది దాటింది. కృష్ణ వరద మీద ఉన్నప్పుడు బీచుపల్లి వంతెన దాటుతుంటే బస్సులో అందరూ కాసేపు మాట మానేస్తారు, అలా ఇద్దరూ లోకం మర్చిపోయి నాలుగో భాగంలోకి అడుగు పెట్టారు. కురుమూర్తి బాట పట్టుకుని నడుస్తున్నాడు. ఇప్పుడు జయపాల్ అందుకోవాలి.

అందుకోబోయాడు. వేళ్లు తీగల మీద నిలబడిపోయాయి. అక్కడేమీ లేదు. ఇటు వెతికాడు, అటు వెతికాడు. ఆ ముంబై వసారా గుర్తుకొచ్చింది. నాలుగో భాగంలో చేలల్లో తిరిగే వంతు ఎప్పుడూ పెద్రు తాతదే, తను కింద కార్డులు పట్టుకుని విన్నాడే గానీ దాన్ని వాయించలేదు. రేపు నేర్పిస్తానన్నాడు ముసలాయన. ఆ రేపు పొద్దుననే లారీ వచ్చింది. ఇన్నేళ్లూ పాటంతా తన దగ్గరే ఉందనుకున్నాడు. షాపులో మోటరు వచ్చి ఆపింది, గద్వాలలో కురుమూర్తి ఆపాడు, ఇన్ని ఆపులు ఉన్నందుకే తనకు రాదన్న సంగతి తనకే తెలియకుండా గడిచిపోయింది. చివరిదాకా పోనియ్యడం లేదని మూడేళ్లు ఒక మనిషి ప్రాణం తీశాడు. ఆ చివర తన దగ్గరే లేదు.

కురుమూర్తి తల దించుకుని నడుస్తూనే ఉన్నాడు. అవే కార్డులు, ఒకటి తర్వాత ఒకటి.

"అన్నా, ఆగు. జర ఎనుకకు పోదాం" అన్నాడు జయపాల్.

"పోవద్దంటివి గద."

"నాకు కొస రాదన్నా. ముసలాయన నేర్పలే. నాకు ఇప్పుడే తెల్సింది."

కురుమూర్తి తల ఎత్తాడు. చెయ్యి మాత్రం ఆపలేదు. ఒక్కసారి మొహంలోని కోపమంతా దిగిపోయి అక్కడ ఒట్టి అలసట మిగిలింది. "రాకుంటే మానె. ఏదో ఒకటి వాయించు. నేను నడుస్తనే ఉన్న."

జయపాల్ ఏదో ఒకటి వాయించాడు. మొదటిది తప్పే పడింది. దాని పక్కన ఇంకోటి పెట్టాడు, అది కొంచెం నయం. అక్కడి నుంచి ఒకటి దొరికింది, దాని నుంచి మరొకటి. పెద్రు తాత పుల్లటి కార్డు మీద కాసేపు నిలబడ్డాడు. కురుమూర్తి అతను ఎటు పోతున్నాడో చెవి పెట్టి విని అక్కడికి కొంచెం ముందే చేరుకుని ఉన్నాడు. బాట ఎటు పోతే అటు పోయి, ఇక ఇక్కడ ఆగొచ్చు అనిపించిన చోట ఇద్దరూ ఆగారు. కురుమూర్తి ఒక్క క్షణం ఆలస్యంగా ఆగాడు. పాట అయిపోయింది. జయపాల్‌కు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి గిటారు మీదికి వంగాడు గానీ దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆ వసారాలో ముసలాయన చివర ఎలా వాయించేవాడో ఇక ఎవరికీ తెలియదు. ఇది ఆయనది కాదు. కానీ పాటకు ఇప్పుడు ఒక చివర ఉంది, అది ఈ ఇంట్లో ఈ మనిషి నడుస్తూ ఉన్నందుకు వచ్చింది.

లలితమ్మ వంటింటి గుమ్మంలోంచి తల బయట పెట్టింది. "గింతేనా? దీనికేనా మూడేండ్లు పట్టింది?"

జయపాల్ గిటారు సంచిలో పెట్టుకుని లేచాడు. కురుమూర్తి చెప్పులు వేసుకుని, బస్టాండు దాకా వస్తానని వెంట బయల్దేరాడు. ఇంతకు ముందెన్నడూ రాలేదు. వీధి చివరిదాకా ఇద్దరూ నడిచారు. తర్వాత కురుమూర్తి ఉండబట్టలేకపోయాడు.

"నావి నాలుగు పోయినయ్. ఏడేడ పోయినయో చెప్పాల్నా?"

"ఒద్దన్నా, చెప్పకు" అన్నాడు జయపాల్.

చెప్పాడు. మొదటి భాగంలో ఒకటి, రెండోదాంట్లో ఒకటి, మూడోదాంట్లో రెండు, ఏ వేలు ఏ తీగ మీద ఎందుకు జారిందో అన్నీ చెప్పాడు. అయ్యాక జయపాల్‌వి ఎన్ని పోయాయో కూడా మొదలుపెట్టాడు. ఎర్రవల్లి బస్సు వచ్చి కదిలేదాకా కిటికీ పక్కన నిలబడి చెబుతూనే ఉన్నాడు.